తులంబెన్‌లో స్కూబా డైవింగ్: లిబర్టీ ఓడ, లావా గోడ, నల్ల ఇసుక జీవాలు చూసి రావడానికి సమగ్ర మార్గదర్శి

బాలి ఈశాన్య తీరంలో, అగుంగ్ అగ్నిపర్వతం పాదాల దగ్గర తులంబెన్ అనే చిన్న ఊరుంది. ఇక్కడి ముఖ్యమైన డైవ్‌లకు పడవ ఎక్కనక్కర్లేదు. ఒడ్డు నుంచి నడిచి దిగితే చాలు. ఒక చోట సుమారు 120 మీటర్ల పొడవున్న లిబర్టీ అనే మునిగిన ఓడ, ఇంకో చోట నిట్టనిలువు లావా గోడ, కాస్త దూరంలో నల్ల ఇసుక వాలు.

వెళ్ళాలనుకునేవాళ్ళు ఎక్కువగా అడిగేది ఎంత లోతు వెళ్ళాలి, ఏమేం కనపడతాయి అని. నన్నడిగితే ఇక్కడ కష్టమైనవి రెండే. గుండ్రాళ్ళ ఒడ్డు దాటి నీళ్ళలోకి దిగి క్షేమంగా బయటికి రావడం ఒకటి, నీళ్ళలో తొందరపడకుండా ఉండటం ఇంకొకటి. అందుకే ఈ రెండింటికీ ఎక్కువ చోటిచ్చాను.

1. టికెట్ కొనే ముందే తేల్చుకోవాల్సినవి

సర్టిఫికేషన్: ఓపెన్ వాటర్ అనే తొలి స్థాయి డైవింగ్ అర్హత ఉంటే 18 మీటర్ల వరకు వెళ్ళొచ్చు. లిబర్టీ ఓడ పైభాగం సుమారు 5 మీటర్లలోనే మొదలవుతుంది కాబట్టి చూడాల్సింది చాలావరకు ఈ లోతులోనే దొరుకుతుంది. ఓడ అడుగు, గోడ మీద పెద్ద సీ ఫ్యాన్ పగడాలు 30 మీటర్ల దరిదాపుల్లో ఉంటాయి. వాటి కోసం దాని పై స్థాయి అయిన అడ్వాన్స్‌డ్ ఉండాలి.

ఆఖరి డైవ్ చేసి ఏడాది దాటిందా? నేర్చుకున్నవి గుర్తుచేసే రిఫ్రెషర్ క్లాసు చేయండి, అదీ పూల్‌లో. అలలు తగిలే రాళ్ళ ఒడ్డు మాస్క్‌లో చేరిన నీళ్ళు ఖాళీ చేయడం గుర్తుచేసుకునే చోటు కాదు.

నెలలు: ఏప్రిల్ నుంచి నవంబర్ వరకు వానలు తక్కువ. డిసెంబర్ నుంచి మార్చి వరకు వానాకాలం. గట్టి వాన పడితే కొండ వాగుల మట్టి సముద్రంలోకి చేరి నీళ్ళు మసకబారతాయి. నీళ్ళు ఏడాదిలో ఎక్కువ కాలం 27 నుంచి 29 డిగ్రీలుంటాయి. జులై నుంచి సెప్టెంబర్ మధ్య కాస్త చల్లబడతాయి.

మార్చి దరిదాపుల్లో వెళ్తుంటే న్యేపి తేదీ చూసుకోండి. ఆ రోజు బాలి అంతా మౌనం పాటిస్తుంది. విమానాశ్రయం మూసేస్తారు, పర్యాటకులు కూడా బస దాటి బయటికి రాకూడదు. డైవింగ్ మాటే ఉండదు.

రోజుల లెక్క: డైవింగ్‌కు కనీసం మూడు రోజులు, తిరుగు విమానానికి ముందు డైవ్ లేని రోజు ఒకటి. దక్షిణ బాలి నుంచి పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగెళ్ళే ప్యాకేజీలు అమ్ముతారు, కానీ నేను వాటిని సిఫారసు చేయను. విమానాశ్రయం నుంచి తులంబెన్‌కు దారి రెండున్నర నుంచి మూడు గంటలు. అలా వచ్చేసరికి ఓడ దగ్గర రద్దీ మొదలైపోతుంది. రాత్రి బస తులంబెన్‌లోనే పెట్టుకోండి.

చెక్‌లిస్ట్:
- సర్టిఫికేషన్ కార్డు, లాగ్‌బుక్
- డైవింగ్ ప్రమాదాలకు, రీకంప్రెషన్ ఛాంబర్ (పీడనం పెంచి డైవింగ్ జబ్బును నయం చేసే గది) చికిత్సకు వర్తించే బీమా. మామూలు ప్రయాణ బీమాలో ఇది తరచూ ఉండదు
- ఉబ్బసం, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ లాంటివి ఉంటే డాక్టర్ సంతకం చేసిన ఫారం
- బాలికి వచ్చే విదేశీ పర్యాటకులు కట్టాల్సిన 1,50,000 రూపియాల రుసుము, వీసా ఖర్చు

2. సామాను: ఏది సొంతం, ఏది అద్దె

మాస్క్, లోతూ సమయమూ లెక్కగట్టే డైవ్ కంప్యూటర్ సొంతవైతే మంచిది. మిగతావన్నీ అద్దెకు దొరుకుతాయి. అయితే బూటీల (డైవింగ్ బూట్ల) విషయంలో రాజీ పడకండి. అడుగు మందంగా, చీలమండ దాకా ఉండే బూటీలు, వాటి మీద తొడుక్కునే స్ట్రాప్ ఫిన్స్ (పట్టీ ఉన్న ఈత రెక్కలు) కావాలి. ఉత్త కాళ్ళకు వేసుకునే ఫిన్స్ తెచ్చుకుంటే ఈ ఒడ్డున నడవడం నరకం. మధ్యాహ్నం నల్ల రాళ్ళు కాలిపోతుంటాయి కూడా.

వెట్‌సూట్ 3 మిల్లీమీటర్లది సరిపోతుంది. రోజుకు మూడు డైవ్‌లు చేసేవాళ్ళకు, జులై, సెప్టెంబర్ మధ్య వెళ్ళేవాళ్ళకు 5 మిల్లీమీటర్లది మేలు. చిన్న జీవాల కోసం వెతికేటప్పుడు గంటసేపు దాదాపు కదలకుండా ఉంటారు కాబట్టి చలి త్వరగా పడుతుంది.

నైట్రాక్స్ (ఆక్సిజన్ పాలు పెంచిన గాలి) అర్హత ఉంటే వాడుకోండి. 18 మీటర్ల దగ్గర మామూలు గాలితో నో-డీకంప్రెషన్ సమయం, అంటే మధ్యలో తప్పనిసరిగా ఆగనక్కర్లేకుండా పైకి రాగలిగే వ్యవధి, సుమారు 56 నిమిషాలుంటే, 32 శాతం నైట్రాక్స్‌తో అది దాదాపు 95 నిమిషాలవుతుంది. దీని పరిమితీ గుర్తుంచుకోండి: 32 శాతంతో 33 మీటర్లు దాటకూడదు. సిలిండర్‌లో ఆక్సిజన్ శాతం మీరే కొలిచి, కంప్యూటర్‌లో మీరే మార్చుకోవాలి.

పగలు కూడా చిన్న టార్చ్ పట్టుకెళ్ళండి. ఓడ నీడలో, పగడాల సందుల్లో అది లేకపోతే సగం జీవాలు కంటికి ఆనవు.

3. అగ్నిపర్వతం ఏ స్థితిలో ఉందో చూడటం

అగుంగ్ నిద్రపోయిన కొండ కాదు. 2017 సెప్టెంబర్‌లో హెచ్చరికను అత్యున్నత స్థాయికి పెంచారు. నవంబర్‌లో కొండ బూడిద చిమ్మింది, బాలి విమానాశ్రయం కొన్ని రోజులు మూతపడింది. 2019 దాకా అడపాదడపా పేలుళ్ళు కొనసాగాయి.

ఇండోనేషియాలో హెచ్చరికలు నాలుగు స్థాయిలు: నార్మల్, వస్పద, సియగ, అవస్. బయల్దేరే వారం ముందు ఒకసారి, ముందు రోజు మరోసారి ప్రభుత్వ అగ్నిపర్వత విభాగం వారి మాగ్మా ఇండోనేషియా పేజీ చూడండి. సియగకు చేరిందంటే బుకింగ్ వాయిదా గురించి డైవ్ సెంటర్‌తో మాట్లాడండి. అవస్ అయితే వెళ్ళొద్దు. పక్క ద్వీపాల అగ్నిపర్వతాల బూడిద వల్ల కూడా బాలి విమానాలు రద్దవుతుంటాయి కాబట్టి తిరుగు ప్రయాణం మర్నాడే ఉద్యోగంలో చేరేలా పెట్టుకోకండి.

4. ఏ చోటు ముందు, ఏది తర్వాత

లిబర్టీ అందరికీ తెలుసు కాబట్టి చాలామంది మొదటి డైవ్‌కే అక్కడికి పరిగెడతారు. నేను చెప్పే వరుస వేరు.

మొదటి డైవ్: కోరల్ గార్డెన్. లోతు తక్కువ, ఒడ్డుకు దగ్గర. ఇక్కడ మునగడానికి కట్టుకునే బరువులు సరిచూసుకోండి, అద్దె సామాను అలవాటు చేసుకోండి, ఒడ్డు దిగడం నేర్చుకోండి. నల్లగా పుట్టి, మగదశలో నీలంగా మారి, ఆడదయ్యాక పసుపు రంగుకొచ్చే రిబ్బన్ ఈల్ ఇసుకలోంచి తల బయటపెట్టి కనపడవచ్చు.

రెండో డైవ్: డ్రాప్ ఆఫ్. అగుంగ్ నుంచి దిగిన లావా సముద్రంలో గట్టిపడి గోడలా నిలిచిన చోటు. కింద 60 మీటర్లు దాటి పోతుంది. లోతు తెలియకుండా జారిపోవడం ఇక్కడి ప్రమాదం. దిగేముందే గరిష్ఠ లోతు అనుకుని, కంప్యూటర్‌లో అలారం పెట్టుకోండి.

మర్నాడు తెల్లవారుజామున: లిబర్టీ. దాని తర్వాత నల్ల ఇసుక వాలు, అంటే సెరయా. ఒక రాత్రి డైవ్ మళ్ళీ లిబర్టీలోనే.

ఒకే రోజు రెండు మూడు డైవ్‌లుంటే లోతైనది ముందు పెట్టుకోవడం మామూలు పద్ధతి. అలవాటు కోసం చేసే ఆ మొదటి డైవ్ తప్ప, దాన్ని ఇక్కడా పాటించండి.

5. ఒడ్డు దాటడం

తులంబెన్ ఒడ్డు ఇసుక కాదు, అరచేయి నుంచి కొబ్బరికాయంత ఉండే గుండ్రాళ్ళు. అల వెనక్కి లాగినప్పుడల్లా కాలి కింద దొర్లుతుంటాయి. ఇక్కడ తగిలే దెబ్బల్లో చాలావరకు మోకాళ్ళకు, చీలమండలకు, కెమెరాలకు. సాధారణంగా పొద్దున నీళ్ళు ప్రశాంతంగా ఉంటాయి, గాలి లేచాక అలలు పెరుగుతాయి.

సిలిండర్లను ఊరి పోర్టర్లు మోసుకొస్తారు. వాళ్ళలో ఆడవాళ్ళు ఎక్కువ. తల మీద పెట్టుకుని ఆ రాళ్ళ మీద చెప్పులతో చకచకా నడిచిపోతారు. అది వాళ్ళ జీవనాధారం కాబట్టి మొహమాటపడి లాక్కోకండి. వాళ్ళను ఫోటో తీయాలంటే ముందు అడగండి.

దిగేటప్పుడు ఈ వరుస తప్పొద్దు:

1. ఐదు నిమిషాలు నిలబడి అలలను చూడండి. పెద్ద అలలు గుంపుగా వస్తాయి, తర్వాత కాస్త తెరిపి ఉంటుంది. ఆ తెరిపి ఎంతసేపుంటుందో గమనించండి.
2. సామాను పూర్తిగా ఒడ్డునే వేసుకుని బడ్డీ చెక్ (జోడీగా దిగేవాళ్ళు ఒకరి సామాను ఒకరు చూసుకోవడం) ముగించండి. సిలిండర్ వాల్వ్ పూర్తిగా తెరిచి ఉందో లేదో మీ చేత్తోనే చూడండి.
3. బీసీడీలో (గాలి నింపి తేలుడును సరిచేసుకునే జాకెట్‌లో) సగం గాలి నింపండి. మాస్క్ ముఖానికి, గాలి పీల్చే రెగ్యులేటర్ నోట్లో, ఫిన్స్ చేతిలో.
4. బడ్డీ భుజమో, గైడ్ చెయ్యో పట్టుకుని అడుగు ఎత్తకుండా పాదాన్ని రాళ్ళ మీద జరుపుతూ, కాస్త పక్కవాటుగా నడవండి.
5. తెరిపి రాగానే నడుము లోతు దాటి వెళ్ళిపోండి. అల విరిగే చోట అస్సలు ఆగొద్దు.
6. ఛాతీ లోతులో తేలుతూ ఫిన్స్ వేసుకోండి. కెమెరా ఉంటే అప్పుడు గైడ్ దగ్గర తీసుకోండి.

బయటికి వచ్చేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి, ఎందుకంటే అప్పటికి అలసిపోయి ఉంటారు. సేఫ్టీ స్టాప్ (పైకి వచ్చే ముందు తక్కువ లోతులో కాసేపు ఆగడం) అయ్యాక పైకి తేలి ఈదుకుంటూ రావద్దు. నీటి అడుగునే రెండు మీటర్ల లోతు దాకా వచ్చి, తెరిపి చూసి లేవండి. నడుము లోతులో ఫిన్స్ తీయండి. మాస్క్, రెగ్యులేటర్ మాత్రం పొడి రాళ్ళ మీదికి చేరేదాకా తీయకండి. అల పడేస్తే నిలబడాలని పంతం పట్టొద్దు. మోకాళ్ళ మీద, చేతుల మీద పాకుతూ రండి. అనుభవమున్నవాళ్ళూ అలాగే వస్తారు.

ఇందుకే ఒడ్డు చేరేటప్పటికి సిలిండర్‌లో కనీసం 50 బార్ (గాలి పీడనపు కొలత) గాలి మిగలాలి. 200 బార్‌తో దిగితే 100 నుంచి 110 దగ్గర వెనుదిరగండి.

6. లిబర్టీ: డైవ్ నడిపే పద్ధతి

ఇది అమెరికా సైన్యం సరుకుల ఓడ. 1942 జనవరిలో జపాన్ జలాంతర్గామి టార్పెడోతో కొట్టింది. దెబ్బతిన్న దాన్ని వేరే ఓడలు లాక్కుపోతుంటే లోపలికి నీళ్ళెక్కడంతో తులంబెన్ ఒడ్డున వదిలేశారు. 1963లో అగుంగ్ పేలినప్పుడు అదిరిన నేల దాన్ని ఒడ్డు మీంచి నీళ్ళలోకి జార్చింది. అందుకే ఒడ్డుకు ఇంత దగ్గరగా, తీరానికి సమాంతరంగా, ఒక పక్కకు ఒరిగి ఉంది.

సమయం: సూర్యోదయానికి నీళ్ళలో ఉండండి. నుదుటి మీద బొడిపె ఉండే పెద్ద బంప్‌హెడ్ పారట్‌ఫిష్ రాత్రి ఓడలో తలదాచుకుని, తెల్లవారగానే వెళ్ళిపోతాయి. రోజూ కనపడతాయన్న హామీ లేదు. తొమ్మిది తర్వాత వెళ్తే మాత్రం ఆశ వదులుకోవచ్చు. ఉదయం కుదరకపోతే మధ్యాహ్నం మూడు దాటాక దిగండి.

దారి: ఒడ్డు నుంచి ఇసుక వాలు మీదుగా వెళ్తుంటే గార్డెన్ ఈల్స్ గడ్డిపోచల్లా నిలబడి ఊగుతుంటాయి. దగ్గరికెళ్తే బొరియల్లోకి దిగిపోతాయి కాబట్టి దూరం నుంచే చూడండి. ఓడ దగ్గర ముందు మీ ప్లాన్‌లోని అత్యధిక లోతుకు వెళ్ళి, అక్కడి నుంచి మెల్లగా పైకి వస్తూ చూడండి. ఆఖరి పదిహేను నిమిషాలు 5 నుంచి 8 మీటర్లలో ఓడ పైభాగం మీదే గడపండి. సేఫ్టీ స్టాప్ అక్కడే అయిపోతుంది, చేపలూ అక్కడే ఎక్కువ. జాక్ చేపల గుంపు తిరుగుతూ కనపడితే వెంటపడొద్దు. ఒక చోట నిశ్చలంగా ఉంటే అవే చుట్టూ వస్తాయి.

లోపలికి వెళ్ళొచ్చా? ఓడ బాగా విరిగిపోయి తెరుచుకుని ఉంది. వెలుతురు, బయటపడే దారి రెండూ కళ్ళ ముందున్న చోట్ల గైడ్ వెనకే వెళ్ళొచ్చు. తుప్పు రేకులు ఏటేటా బలహీనపడుతున్నాయి. ఇరుకు సందుల్లోకి, పైకప్పు ఉన్న గదుల్లోకి రెక్ శిక్షణ (మునిగిన ఓడల్లోకి వెళ్ళే శిక్షణ) లేకుండా దూరకండి. నిశ్వాస బుడగలకే తుప్పు రాలుతుంది.

రాత్రి డైవ్‌లో గైడ్‌తో ముందే అనుకుని, ఓడ నీడలో అందరూ టార్చ్‌లు ఛాతీకి ఆనించి చీకటి చేయండి. కళ్ళ కింద వెలుగు సంచులుండే ఫ్లాష్‌లైట్ చేపలు నీలి చుక్కలై మిణుకుమంటాయి. వెలుగు వేస్తే మాయం.

7. నల్ల ఇసుకలో వెతకడం

సెరయా లాంటి చోట మొదటి పది నిమిషాలు "ఇక్కడేముంది?" అనిపించడం మామూలే. జీవం కోసం వెతికితే దొరకదు. దాని ఇల్లు ఏదో తెలుసుకుని, ఆ ఇంటి కోసం వెతకాలి.

- సీ ఫ్యాన్: పిగ్మీ సముద్రపు గుర్రం. రెండు మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు, ఒంటి మీది బొడిపెలు పగడం మొగ్గల్లాగే ఉంటాయి.
- ఈకల్లాంటి చేతులుండే క్రైనాయిడ్ అనే సముద్ర జీవి: ఘోస్ట్ పైప్‌ఫిష్ తలకిందులుగా దాని పక్కనే తేలుతుంది. చేతుల మధ్య చిన్న రొయ్యలు.
- సముద్ర నక్షత్రం: హార్లెక్విన్ రొయ్యకు తిండి ఇదే. చేయి కొరికేసి ఉన్న నక్షత్రం కనపడితే చుట్టుపక్కల రాళ్ళ సందులు చూడండి.
- సీ కుకుంబర్: ఒంటి మీద ఎంపరర్ రొయ్య.
- స్పాంజి: ఫ్రాగ్‌ఫిష్. స్పాంజి రంగులోనే ఉంటుంది. ముందు నోరు, తర్వాత కన్ను గుర్తుపట్టాలి.
- ఆకుపచ్చ ఆకుల్లాంటి నాచు: లీఫ్ షీప్ అనే సీ స్లగ్. మిల్లీమీటర్లలో ఉంటుంది. చదవడానికి కళ్ళద్దాలు వేసుకునేవాళ్ళు భూతద్దం పట్టుకెళ్ళండి.

చిన్న గులకరాళ్ళ కింద బాక్సర్ పీత ఉంటుంది, రెండు డెక్కల్లో రెండు చిన్న ఎనిమోన్‌లు పట్టుకుని. దాని కోసం మీరు రాళ్ళు తిరగేయొద్దు. గైడ్ తిరగేసినా యథాస్థానంలో పెట్టమని సైగ చేయండి.

వెతికే తీరు: అడుగు నుంచి అర మీటరు పైన, కాళ్ళు కాస్త పైకెత్తి, కప్ప ఈత తన్నులు. పైకీ కిందకీ తన్నే మామూలు తన్ను ఇక్కడ పనికిరాదు. అగ్నిపర్వతపు సన్నని ఇసుక లేచిందంటే త్వరగా కిందికి దిగదు, మీ వెనకున్నవాళ్ళ డైవ్ పాడవుతుంది. గంటలో యాభై మీటర్లు కదిలితే చాలు.

లోహపు పుల్ల వాడొచ్చా? ఖాళీ ఇసుకలో గుచ్చి నిలదొక్కుకోవడానికి అభ్యంతరం లేదు. జీవిని పొడిచి ఫోజు పెట్టించే గైడ్ ఎదురైతే అక్కడే వద్దని చెప్పండి.

8. కెమెరా పట్టుకెళ్ళేవాళ్ళకు

నేపథ్యం నల్లగా ఉండటంతో ఆటో ఎక్స్‌పోజర్ మోసపోతుంది. ఫ్రేమంతా చీకటనుకుని వెలుగు పెంచుతుంది, జీవి తెల్లగా మాడిపోతుంది. ఎక్స్‌పోజర్‌ను 0.7 నుంచి 1 స్టాప్ తగ్గించండి. స్ట్రోబ్‌లను (ఫ్లాష్ దీపాలను) లోపలికి తిప్పకుండా కాస్త బయటికి పెడితే ఇసుక రేణువులు మెరవవు.

పిగ్మీ సముద్రపు గుర్రానికి నాలుగైదు క్లిక్‌లు చాలు, తర్వాత వెనకున్నవాళ్ళకు వదలండి. తేలుడు అదుపులో లేనివాళ్ళు కెమెరా ఒడ్డునే పెట్టి రావడం అందరికీ మంచిది.

9. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

బరువు ఎక్కువ వేసుకోవడం. ఇసుకలో స్థిరంగా ఉండటానికి అదనంగా ఒక కిలో వేసుకోమనే సలహా వింటారు. నేను వద్దంటాను, ఆ కిలోకు సరిపడా బీసీడీలో గాలి నింపి, ప్రతి లోతులో దాన్ని సవరిస్తూ కూర్చోవాలి. సరైన పరీక్ష ఇది: డైవ్ చివర 50 బార్‌తో, బీసీడీ ఖాళీగా, 5 మీటర్ల దగ్గర నిలకడగా ఉండగలగాలి. మునిగిపోతుంటే తర్వాతి డైవ్‌కు ఒక కిలో తీయండి. తేలిపోతుంటే ఒకటి చేర్చండి.

గుంపులో తప్పిపోవడం. లిబర్టీ దగ్గర నలుగురైదుగురు గైడ్‌ల బృందాలు కలిసిపోతాయి, అందరి ఫిన్స్ ఒకేలా కనపడతాయి. దిగేముందే మీ గైడ్ ఫిన్స్ రంగు, సిలిండర్ మీది గుర్తు చూసి పెట్టుకోండి. బడ్డీ కనపడకపోతే ఒక నిమిషం వెతికి, మెల్లగా పైకి రండి.

చెవులు ఆలస్యంగా సరిచేసుకోవడం. వాలు కదా, మెల్లగానే దిగుతున్నాం అని మర్చిపోతారు. నొప్పి మొదలయ్యాక బలంగా ఊదొద్దు. మీటరు పైకి వచ్చి మళ్ళీ ప్రయత్నించండి.

10. ముళ్ళు, విషాలు, పళ్ళు

లయన్‌ఫిష్, స్కార్పియన్‌ఫిష్, స్టోన్‌ఫిష్ మూడూ ఉంటాయి. చెయ్యి ఎక్కడా ఆనించకపోతే వీటితో గొడవే లేదు. ముల్లు గుచ్చుకుంటే డైవ్ ముగించి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో, 45 డిగ్రీలు మించకుండా, 30 నుంచి 90 నిమిషాలు ముంచి ఉంచాలి. తిమ్మిరెక్కి వేడి తెలియకపోవచ్చు కాబట్టి నీళ్ళను వేరేవాళ్ళు చేత్తో చూడాలి. ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి.

టైటాన్ ట్రిగ్గర్‌ఫిష్ గూడు కాపలా కాస్తుంటే మీదికొచ్చి కరుస్తుంది. దాని హద్దు గూటి నుంచి గరాటులా పైకి విచ్చుకుంటుంది. కాబట్టి పైకి పారిపోతే ఇంకా దాని హద్దులోనే ఉంటారు. ఫిన్స్‌ను దానికీ మీకూ మధ్య అడ్డుపెట్టి, పక్కకు ఈదుకుంటూ వెళ్ళండి.

11. డైవ్ అయ్యాక

సామాను మంచినీళ్ళలో కడిగేటప్పుడు బీసీడీలో గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ బటన్లు నీళ్ళలోనే పదిసార్లు నొక్కండి. నల్ల ఇసుక రేణువు ఇరుక్కుంటే తర్వాతి డైవ్‌లో అది దానంతటదే గాలి నింపుతుంది.

కీళ్ళ నొప్పి, తిమ్మిరి, మామూలు కాని అలసట, చర్మం మీద మచ్చలు కనపడితే ఎండ దెబ్బ అని సర్దిచెప్పుకోకండి. వెంటనే డైవ్ సెంటర్‌లో ఆక్సిజన్ అడగండి, బీమా వాళ్ళ అత్యవసర నంబరుకు ఫోన్ చేయండి. ఛాంబర్ డెన్‌పసార్‌లో ఉంది, అంటే రోడ్డు మీద గంటల ప్రయాణం. కాబట్టి రేపు చూద్దాం అనుకునే వ్యవధి లేదు.

రోజుల తరబడి పలు డైవ్‌లు చేసినవాళ్ళు కనీసం 18 గంటలు ఆగాకే విమానం ఎక్కాలి. ఒకే డైవ్ అయితే 12 గంటలు. ఇది చాలామందికి తెలుసు, కొండల విషయమే మర్చిపోతారు. కింతమణి అనే కొండ ప్రాంతం సుమారు 1,500 మీటర్ల ఎత్తులో ఉంది, బెసకిహ్ ఆలయం సుమారు 1,000 మీటర్లలో. అగుంగ్ ఎక్కితే 3,000 మీటర్లు దాటుతుంది. వీటిని డైవింగ్‌కు ముందు రోజుల్లో పెట్టుకోండి. తిరుగు ప్రయాణంలో కారు డ్రైవర్ దగ్గరి దారి అనో, చూడచక్కని దారి అనో కింతమణి మీదుగా తీసుకెళ్ళొచ్చు. బండి ఎక్కేముందే అమ్లపుర మీదుగా తీరం దారి పట్టమని చెప్పండి.